కాకినాడ పెన్షనర్ల స్వర్గము ఎట్లైనది?

(శతవార్షికోత్సవ సభలలో వృద్ధుల కూడిక పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ మూడు రోజులుగా పెద్దలు సంఘముల చరిత్రను గురించి, బడులను గురించి, ఆసుపత్రులను గురించి మాట్లాడినారు. మాకు ఇచ్చిన అంశము వాటి ముందు చిన్నది. "కాకినాడను పెన్షనర్ల స్వర్గమని ఎందుకంటారు? మీరందరూ అక్కడనే ఎందుకు చేరినారు? పది మాటలు చెప్పండి" అని సభ ఏర్పాటు చేసినవారు అడిగినారు. అడుగుటకు కారణము లేకపోలేదు. మా ఆదివారపు ఆరాధనలో ముందు నాలుగు వరుసలూ తెల్లతలలే. ఒకరు రెవెన్యూలో చేసినవారు, ఒకరు జిల్లా పరిషత్తు బడిలో హెడ్మాస్టరు, ఒకరు రైల్వే, ఒకరు ఆసుపత్రిలో నర్సమ్మ. మేము పుట్టినది ఒకచోట, పని చేసినది పదిచోట్ల, ఆగినది ఇక్కడ.

స్వర్గము అను మాటకు ముందుగా ఒక చిన్న సంగతి చెప్పవలెను. మా కూడికలో ఒక మాస్టారు ఉండెడివారు. "పరలోకమునకు బదిలీ ఉత్తర్వులు వచ్చువరకు ఈ స్వర్గములో చార్జి పుచ్చుకొని కూర్చున్నామయ్యా" అని నవ్వించెడివారు. ఆయనకు ఆ ఉత్తర్వులు వచ్చి రెండేళ్లు దాటినది. ఆయన మాట మాత్రము మా మధ్య నిలిచిపోయినది.

కాకినాడ అనగానే బయటివారు సముద్రము, చల్లగాలి, తీరమున నడక అనుకొందురు. నిజము చెప్పవలెనన్న, పట్టణములో ఉన్నవారికి సముద్రము అంత సులభముగా కనబడదు. నడిరోడ్డు నుండి ఓడరేవు దాకా పోయినను కనబడునది లోతులేని అఖాతము, దాని ఆవల హోప్ ఐలాండు అను పొడవాటి ఇసుక తిన్నె. అలలు చూడవలెనన్న ఉప్పాడ దారి పట్టవలెను. కనుక అందము చూచి వచ్చినామని చెప్పుట సత్యము కాదు. మరి ఎందుకు వచ్చినాము? ఈ ప్రశ్నకు జవాబు కొంచెము వెనుక నుండి మొదలుపెట్టవలెను.

కాకినాడకు ముందు ఈ తీరమున పేరు పొందిన రేవు కోరంగి. గోదావరి పాయ మీద ఓడలు కట్టిన ఊరు అది. బర్మా దేశమునకు ఎందరో మనవారు ఆ రేవు నుండి పోయినందువలన అక్కడ తెలుగువారినందరిని కోరంగీలనియే పిలిచెడివారు. ఆ ఊరిని 1789లో ఒక తుపాను, 1839లో మరియొక తుపాను ముంచినవి. దానికి తోడు నది తెచ్చిన ఒండ్రు రేవు నోటిని పూడ్చినది. ఓడలు ఉత్తరమునకు జరిగి కాకినాడ ఎదుట లంగరు వేయసాగినవి. అప్పటికి ఉప్పుటేరు దక్షిణపు ఒడ్డున జగన్నాథపురము డచ్చివారి స్థావరముగా ఉండి, 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. ఉత్తరపు ఒడ్డున ఉన్నది కాకినాడ. రెండూ కలిసి ఒక పట్టణమైనవి.

ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తి అయినది. కాలువలు తవ్వినారు. ఆ కాలువలలో పొలమునకు నీరు పోవుటయే గాక, పడవలలో సరుకు కాకినాడకు వచ్చినది. తరువాత 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగి అక్కడి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు అందలేదు. మన ప్రత్తికి ఒక్కసారిగా గిరాకీ వచ్చినది. ప్రత్తి వర్తకములో ఒక రకమునకు కోకనాడాస్ అనియే పేరు పడినదంటే ఆనాటి ఎగుమతి ఎంతటిదో ఊహించవచ్చును. 1866లో పురపాలక సంఘము ఏర్పడినది. దొరల కంపెనీలు, గిడ్డంగులు, బ్యాంకులు వెలసినవి. తిన్నని వెడల్పాటి వీధులు వేసినారు. ఆ వీధులు వేసినది బస్తాలు మోసే బండ్ల కొరకు. చేతికర్రతో నడిచే మా వంటివారి కొరకు కాదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెనని మనవి.

ఈ రేవుకు ఒక లోపము పుట్టుకతోనే ఉన్నది. గోదావరి ఏ చేతితో అన్నము పెట్టినదో ఆ చేతితోనే అఖాతమును పూడ్చినది. పెద్ద ఓడలు ఒడ్డుకు కొన్ని మైళ్ల దూరమున నిలిచెడివి. సరుకంతయు పడవల మీద చేరవేయవలసి వచ్చెడిది. 1893లో బెజవాడ నుండి వాల్తేరు వరకు రైలు మార్గము వేసినప్పుడు ప్రధాన మార్గము సామర్లకోట మీదుగా పోయినది. కాకినాడకు ఒక శాఖ మాత్రము వచ్చినది. 1933లో విశాఖపట్నములో లోతైన హార్బరు తెరిచినారు. అక్కడ ఓడ ఒడ్డునే ఆగును, సరుకు నేరుగా రైలు పెట్టెలోనికి ఎక్కును. ఇక మైళ్ల కొలది పడవల మీద మోయించుకొనుటకు వర్తకుడు ఎందుకు ఒప్పుకొనును? పెద్ద వ్యాపారము మెల్లమెల్లగా ఉత్తరమునకు తరలినది. 1942 ఏప్రిల్ 6న జపానువారు విశాఖతో పాటు కాకినాడ మీద కూడ బాంబులు వేసినారు. యుద్ధపు అవసరములకని 1940లో కోటిపల్లి రైలు పట్టాలు పెరికి తీసుకొనిపోయినారు. ఆ మార్గము మరల వేసి రైలు నడుపుటకు 2004 వరకు ఆగవలసి వచ్చినది.

రేవు పోయిన ఊరు సాధారణముగా పాడుబడును. కోరంగికి ఆ గతియే పట్టినది. కాకినాడకు పట్టలేదు. ఎందుకనగా వర్తకులు సర్దుకొనిన తరువాత కూడ ఈ ఊరిలో కొన్ని మిగిలినవి. 1859లో గోదావరి జిల్లా ఏర్పడినది మొదలు కలెక్టరు కచేరీ ఇక్కడ ఉన్నది. 1925లో తూర్పు గోదావరి జిల్లా విడిపడినప్పుడు కూడ ఇక్కడనే ఉన్నది. పిఠాపురము రాజావారి కళాశాల 1884 నుండి ఉన్నది. మిషను వారి బడులు, ఆసుపత్రి ఉన్నవి. 1946లో విశాఖలో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాలను ఆ ఏడే ఇక్కడికి తెచ్చినారు. 1958లో రంగరాయ వైద్య కళాశాల వచ్చినది, దానితో పెద్ద ఆసుపత్రికి పెద్ద వైద్యులు వచ్చినారు. వెడల్పాటి వీధులు ఉండనే ఉన్నవి, వాటి మీద బండ్ల రద్దీ తగ్గినది. కచేరీ, కళాశాల, ఆసుపత్రి, కాలువ నీరు, చదునైన నేల, తక్కువ సందడి. ముసలితనమునకు కావలసినవి ఇంతకంటె ఏమున్నవి? వర్తకునికి పనికిరాకపోయిన ఊరు పింఛనుదారునికి సరిపోయినది. ఎవరును ప్లాను గీసి ఈ స్వర్గమును కట్టలేదు.

ముందుగా దారి చూపినవారిలో ఒక గొప్పవారిని చెప్పుకొందుము. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు బందరులో పుట్టినారు. సికిందరాబాదులో పని చేసినారు. 1904లో పిఠాపురము రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చినారు. తరువాత 1925 నుండి 1928 వరకు మదరాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. అంతటి పదవి ముగిసిన తరువాత మదరాసులో నిలువక కాకినాడకే వచ్చినారు, 1939లో ఇక్కడనే కన్నుమూసినారు. ఆయన పింఛను తీసుకొని కుర్చీలో కూర్చున్నవారు కారు. అనాథ పిల్లలను, దళిత బాలురను, చదువు కోరిన ఆడపిల్లలను తనవారిగా చూచుకొనినారు. ఆయన మన సంఘస్థులు కారు, బ్రహ్మ సమాజికులు. అయినను విశ్రాంతి అనగా ఏమో ఈ ఊరికి నేర్పినవారు ఆయనయే.

ఇక మా వంటి సామాన్యుల సంగతి. మా తరమువారు ఇక్కడ ఇల్లు కట్టుకొనుటకు ముందు కాగితము మీద లెక్క వేసుకొనినారు. ఆ లెక్క అందరిదీ ఇంచుమించు ఒకటే.

ఒకటి, సొంత ఊరిలో ఇల్లు అన్నదమ్ముల పంపకములో గది, వసారాగా తేలినది. ముప్పది ఏళ్లు బదిలీల మీద తిరిగి వచ్చినవానికి అక్కడ మర్యాద ఉన్నది గాని చోటు లేదు. రెండు, కోనసీమ వారికి గోదావరి అడ్డము. యానాము, ఎదుర్లంకల నడుమ వంతెన లేని రోజులలో అర్ధరాత్రి గుండె నొప్పి వచ్చిన, పంటు కొరకు రేవులో తెల్లవారువరకు కూర్చుండవలెను. కాకినాడలోనైతే రిక్షా ఎక్కిన పావుగంటలో పెద్దాసుపత్రి. మూడు, చివరి పిల్లవాని చదువు ఇంకను మిగిలియుండెడిది. పాలిటెక్నిక్ గాని, ఇంజనీరింగు గాని, ఇంటి అన్నము తిని చదువుకొనవచ్చును, హాస్టలు ఖర్చు లేదు. నాలుగు, పింఛను ఇచ్చు ట్రెజరీ, పింఛను ఫైలు కదలవలసిన కచేరీ, రెండూ నడిచిపోవు దూరములో ఉన్నవి. ఫైలు నడిపించిన అనుభవమున్నవారికి ఈ నాలుగవ కారణము విలువ చెప్పనక్కర లేదు!

గ్రాట్యుయిటీ వచ్చినది, పింఛనులో కొంత కమ్యూట్ చేసినారు, అమ్మగారి మెడలోని రెండు పేటల గొలుసు ఒక పేట అయినది. రామారావుపేటలో కొనలేనివారు భానుగుడి దాటి సర్పవరము వైపు రెండు వందల గజములు కొని, రెండు గదులు, ఒక వరండా వేసుకొనినారు. పెరటిలో ఒక కొబ్బరి చెట్టు, ముందర ఒక నందివర్ధనము. గేటుకు పేరు పలక, పేరు ప్రక్కన పాత ఉద్యోగము, దాని ప్రక్కన 'రిటైర్డ్'. ఇట్లు వీధులు వీధులు లేచినవి.

ఒకటవ తేదీ ట్రెజరీ వరండా చూడవలసినది. తహసీలుదారుగా చేసినవారు, ఆయన దగ్గర బంట్రోతుగా చేసినవారు ఒకే బల్ల మీద కూర్చుండెడివారు. "ఏమయ్యా, మోకాలు ఎట్లున్నది?" అని ఆయన, "తమ దయ బాబుగారూ, తమకు కన్ను ఆపరేషను అయినదంట గదా" అని ఇతడు. ఉద్యోగమంతయు ఎదురు నిలిచి మాట్లాడినవాడు ప్రక్కన కూర్చుండి మాట్లాడెను. బ్యాంకులలో పింఛను వేయుట వచ్చిన తరువాత ఆ బల్ల పోయినది.

పింఛను అనునది దొరతనము వారి దయ అని మా పెద్దలు తలచెడివారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకరా కేసులో తీర్పు చెప్పుచు, అది దయాధర్మము కాదనియు, చేసిన సేవకు దక్కిన హక్కనియు తేల్చినది. అందుచేతనే డిసెంబరు 17ను పింఛనుదారుల దినముగా జరుపుకొందురు. ఆ మరుసటి ఏడు, 1983లో, రాష్ట్ర ప్రభుత్వము పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినది. ఇంకను మూడేళ్లున్నవి, పెద్దమ్మాయి పెండ్లి చేయవచ్చునని అనుకొనినవారు ఒక్క ఉత్తర్వుతో ఇంటికి వచ్చినారు. 1984లో మరల 58 చేసినారు గాని ఆ నడుమ ఇంటికి వచ్చినవారిలో చాలమందికి ఆ దిగులు పోలేదు. తరువాత 2014లో 60, 2022లో 62 అయినది. ఇప్పటివారు మాకంటె ముసలివారై వచ్చి చేరుచున్నారు.

ఇంతవరకు చెప్పినది స్వర్గము కట్టబడిన విధము. ఇక అందులోని కష్టము చెప్పకపోయిన మా మాట సగమే సత్యమగును.

ఏ కళాశాలల కొరకు ఇక్కడ ఇల్లు కట్టితిమో ఆ కళాశాలలే మా పిల్లలను తీసుకొనిపోయినవి. ఇంజనీరింగు చదివినవాడు హైదరాబాదు, బెంగుళూరు పోయెను, అక్కడ నుండి అమెరికా పోయెను. వైద్యము చదివిన అమ్మాయి ఇంగ్లండులో స్థిరపడెను. వారిని తప్పు పట్టుట లేదు. మేము కూడ మా తండ్రులను ఊళ్లలో వదలి ఉద్యోగములకు పోయినవారమే. అయితే మా తండ్రుల చుట్టు ఒక ఊరు ఉండెడిది. మా చుట్టు ప్రహరీ గోడలున్నవి. మూడు గదుల ఇంటిలో ఒక గది వాడుకలో ఉండి, రెండు గదులు క్రిస్మసుకు తెరుచుకొనునవి అయినవి. మూడేళ్లకొకసారి వచ్చు క్రిస్మసు!

పట్టణము కూడ మారినది. 1980ల చివర, 1990ల మొదట ఎరువుల కర్మాగారములు వచ్చినవి. 1990లలో లోతైన నీటి రేవు కట్టి, పోయిన ఓడలను తిరిగి పిలిచినారు. సముద్రములో గ్యాసు దొరికినది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కాకినాడకు దక్షిణమున తీరము దాటి వెయ్యిమందికి పైగా ప్రాణములు తీసినది, కోనసీమ కొబ్బరి తోటలను నేలపాలు చేసినది. ఉప్పాడ దారిని సముద్రము ఏటేటా కొరుకుచునే ఉన్నది. 1901లో 48 వేల జనమున్న ఊరు 2011 నాటికి 3 లక్షల 12 వేలు దాటినది. 2016లో కేంద్రము వారి స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో చేరినది. 2022లో తన పేరిటనే ఒక జిల్లా అయినది. పని వచ్చినది, యువకులకు మేలైనది, అందుకు సంతోషమే. అయితే మోటారు సైకిళ్ల నడుమ మెయిన్ రోడ్డు దాటుట మా వయస్సు వారికి ఎర్ర సముద్రము దాటుటతో సమానము. సందడి తగ్గినందున మేము వచ్చిన ఊరికి సందడి తిరిగి వచ్చినది.

ఇప్పుడు మేము చెప్పదలచిన అసలు సంగతి.

కొంత కాలము క్రిందట మా సంఘములో ఒక టీచరమ్మగారు ఉండిరి. పేరు చెప్పము. పెండ్లి లేదు, ముప్పది నాలుగేళ్లు బడిపిల్లలే ఆమె పిల్లలు. ఒంటరిగా ఉండెడివారు. ఒక ఆదివారము ఆమె చోటు ఖాళీగా కనబడినది. హైదరాబాదులోని మేనకోడలి దగ్గరకు పోయియుందురని మేము అనుకొంటిమి. మేనకోడలు ఫోను చేసి, ఎత్తకపోవుటచేత, గుడిలో పని ఉన్నదని అనుకొనినది. సోమవారము ఉదయము పాలు వేయు అబ్బాయి, "అమ్మగారి గేటుకు నిన్నటి ప్యాకెట్టు అట్లే ఉన్నదండీ" అని ఎదురింటివారితో చెప్పినాడు. తలుపు పగులగొట్టి చూడగా స్నానాల గదిలో పడియున్నారు. తుంటి ఎముక విరిగినది. శనివారము రాత్రి నుండి అట్లే ఉన్నారు.

ఆసుపత్రిలో మేము చూడబోయినప్పుడు ఆమె మమ్ములను ఒక్క మాట అనలేదు. "ఎదురింటి టీవీ నాకు చక్కగా వినబడినదండీ. నేను పిలిచినది వారికి వినబడలేదు" అని మాత్రము చెప్పినారు. మేము తలలు వంచుకొని ఇంటికి వచ్చితిమి. ఆమె ఇల్లు మా చర్చికి నాలుగు వీధుల దూరము. మాలో ఇద్దరు ఆదివారము సాయంకాలము ఆ వీధిలోనే షికారు పోయినారు. ఆమె నాలుగు నెలలు బ్రతికి వెళ్లిపోయినారు.

ఆ తరువాత మేము ఒక నోటు పుస్తకము తీసి, సంఘములో ఒంటరిగా గాని, ముసలి దంపతులిద్దరే గాని ఉన్న ఇండ్లు వ్రాయ మొదలుపెట్టితిమి. పన్నెండు ఉండునని అనుకొంటిమి. ముప్పది ఒకటి తేలినవి. ప్రతి ఇంటికి దగ్గరలో ఉన్న ఒకరిని చెప్పుకొంటిమి. పని పెద్దది కాదు. ఉదయము ఏడు గంటలకు పాల సంచి గేటు నుండి లోపలికి పోయినదా లేదా చూచుట. ఎనిమిది వరకు పోకపోయిన తలుపు తట్టుట. తాళపుచెవి ఒకటి అదనముగా చేయించి ఆ పొరుగువారి దగ్గర ఉంచుట. పొరుగువారు మన సంఘస్థులే కానక్కర లేదు. మా నోటు పుస్తకములో ఒక సాయిబుగారు, ఇద్దరు బ్రాహ్మణ పెద్దమ్మలు, ఒక కిరాణా కొట్టు అబ్బాయి ఉన్నారు. వీరందరికంటె నమ్మకముగా పని చేయుచున్నది ఆ కొట్టు అబ్బాయి.

ఏటా జీవించియున్నట్లు ధ్రువీకరణ ఇచ్చు దినములలో అందరిని కూడగట్టి రెండు ఆటోలలో తీసుకొనిపోవుదుము. 2014 నుండి వేలిముద్ర యంత్రము వచ్చినది. అంట్లు తోమి, బట్టలు ఉతికి, సుద్దముక్క పట్టి అరిగిన వ్రేళ్లను యంత్రము పోల్చలేదు. మనిషి ఎదుట నిలిచి "నేనే బాబూ" అన్నను ఒప్పుకొనదు. అప్పుడు ప్రక్కన ఒకరుండి ఓపికగా అధికారితో మాట్లాడవలెను. ఒంటరిగా పోయిన ముసలమ్మ కన్నీళ్లు పెట్టుకొని తిరిగి వచ్చును, నెల తరువాత పింఛను ఆగును.

ఆ నోటు పుస్తకము మాకు ఇంకొక సంగతి నేర్పినది. ముప్పది ఒక్క ఇండ్లలో పింఛను పుస్తకమున్నవి పదునాలుగు మాత్రమే. మిగిలిన పదునేడు ఎవరివి? ముప్పది ఏళ్లు పల్లెల వెంట కాలినడకన తిరిగిన బైబిలు స్త్రీ ఒకరు. హాస్టలులో వందమంది పిల్లలకు అన్నము వండిన అక్క ఒకరు. దుమ్ములపేటలో వలకు పోయి నడుము విరిగిన అన్న ఒకరు. చిన్న కొట్టులో గుమాస్తాగా చేసి, యజమాని పోగానే రోడ్డున పడినవారు ఒకరు. వీరి ఇండ్ల గేట్లకు 'రిటైర్డ్' అను పలక లేదు. కొందరికి గేటే లేదు. ప్రభుత్వము వారి వృద్ధాప్య పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు చేసినారు. అది చాల మేలు. అయితే మందుల చీటీ పొడుగు దానికంటె ఎక్కువగానే ఉన్నది.

మేము ఇన్నేండ్లు ఈ ఊరిని స్వర్గమని చెప్పుకొనినది మా పింఛను పుస్తకము మా పెట్టెలో ఉన్నందుననే గదా! ప్రక్క వరుసలో కూర్చున్నవారి సంగతి మాకు తట్టలేదు. ఇది ఒప్పుకొనుటకు ఈ సభకంటె తగిన చోటు లేదు. ఈ పట్టణములో 1874లో మెక్లారిన్ దొరగారు వచ్చుటకు ముందే పని మొదలుపెట్టిన తెలుగువాడు థామస్ గాబ్రియేలుగారు. ఆయన తంతి శాఖలో సర్కారు జీతము వదలుకొని సువార్త పనికి వచ్చినారు, 1875లోనే కన్నుమూసినారు. జీతము వదలుకొనినవారి మీద కట్టబడిన సంఘములలో, జీతము లేకుండ ముసలివారైనవారిని మరచుట న్యాయమా?

ఇంకను రానున్నది కూడ ఆలోచించవలెను. 2004 సెప్టెంబరు 1 తరువాత రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగములలో చేరినవారికి మావంటి పింఛను కాక, జీతములో కొంత కోసి జమచేయు క్రొత్త పద్ధతి పెట్టినారు. వారి ముసలితనము మా ముసలితనము వలె ఉండదు. ఒకటవ తేదీని నమ్ముకొని పెరిగిన ఊరు ఇది. రేపు ఆ ఒకటవ తేదీ అందరికి ఒకే విధముగా రాదు. అప్పుడు ఈ ఊరికి పేరు నిలుపునది ట్రెజరీ కాదు, పొరుగు.

కనుక మీ మీ సంఘములకు తిరిగిపోయి మూడు పనులు చేయవలెనని మేము చేతులు జోడించి అడుగుచున్నాము. మొదటిది, ఒక నోటు పుస్తకము కొనండి. పది రూపాయలకు దొరకును. అందులో ఒంటరిగా ఉన్న వృద్ధుల పేర్లు వ్రాయండి, ప్రతి పేరు ఎదుట తలుపు తట్టవలసినవారి పేరు వ్రాయండి. రెండవది, పింఛను లేనివారి పేర్ల క్రింద గీత గీయండి, నెలకొకసారి మందుల చీటీ అడిగి చూడండి. డబ్బు ఇవ్వలేకపోయిన, దరఖాస్తు వ్రాసి పెట్టండి. కచేరీలో ఫైలు నడిపిన పెద్దలు ప్రతి సంఘములో ఉన్నారు. వారికి చేతినిండ పని దొరకును, మోకాలి నొప్పి కూడ కొంత మరచెదరు. మూడవది, యౌవనస్థులారా, దూరము పోయిన మీరు ఆదివారము ఇంటికి ఫోను చేసినప్పుడు, అమ్మ ఎత్తకపోయిన "పనిలో ఉన్నదేమో" అని ఊరుకొనవద్దు. పొరుగింటివారి నంబరు మీ దగ్గర ఉన్నదో లేదో ఈ రాత్రియే చూచుకొనండి.

ఓడలు కాకినాడను విడిచిపోయినప్పుడు ఈ ఊరు పని అయిపోయినదని అనుకొనినవారున్నారు. కాని వీధులు మిగిలినవి, బడి మిగిలినది, ఆసుపత్రి మిగిలినది, వాటిని నమ్ముకొని మేము వచ్చితిమి. మేము కూడ అటువంటివారమే. ఉద్యోగము విడిచిపోయినది. చూచుటకు రెండు కన్నులు, తట్టుటకు ఒక చేయి మిగిలినవి. ఉదయము ఏడు గంటలకు ఆ గేటు వైపు చూచుటకు అవి చాలును.

 సభ ముగిసిన తరువాత ఆ నోటు పుస్తకము వెనుక బల్ల మీద ఉంచెదము. ఎట్లు వ్రాసితిమో చూడగోరినవారు చూడవచ్చును. మొదటి పుట మీద ఆ టీచరమ్మగారి పేరు వ్రాసి, ఎదుట చోటు ఖాళీగా విడిచినాము.